పొట్ట మీది మచ్చలు

తెనాలి,
9 మార్చి 2004

ఆపాకు జహీర్ సలాం.

ముందు అమ్మీ ఒంట్లో ఎలా ఉందో అడగాలి. తెలుసు. తర్వాత అడుగుతాను. ముందు ఇది విను. నన్ను దొంగ అన్నారు.

బక్రీద్‌కి వచ్చినప్పుడు మా రంగు చేపల షాపులో నాలుగు న్యూట్లు ఉన్నాయని చెప్పాను కదా. వీపు నలుపు, పొట్ట నిప్పు కణికలా ఎరుపు, దాని మీద నల్ల మచ్చలు. మద్రాసు నుంచి చేపలతోపాటు వచ్చాయి. ఓనరు రామకృష్ణ గారు 'రంగు బల్లులు' అని అట్ట రాసి తగిలిస్తే నేను పీకి పారేశాను. బల్లికి పొలుసులుంటాయి, దీనికి ఉండవు. ఇది కప్పలకి చుట్టం. పదో తరగతి తప్పినవాడికి ఇవన్నీ ఎలా తెలుసని నవ్వాడాయన. నెట్ సెంటర్లో కూర్చుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను కాబట్టి తెలుసు. నీళ్ళు వేడెక్కితే అవి బతకవు. అందుకే మట్టి తొట్టిలో పెట్టి, ఐసు సీసాలు ముంచి, ఫ్యాను నీళ్ళ మీదికి తిప్పి, వానపాములు ముక్కలు కోసి పెట్టి సాకాను. మొన్నటి దాకా.

పోయిన శుక్రవారం షాపుకి తాళం వేసి జుమ్మా నమాజుకి వెళ్ళాను. గంటలో వచ్చాను. వేసిన తాళం వేసినట్టే ఉంది. తొట్టి మూత తీసి గోడకి ఆనించి ఉంది. నాలుగింటిలో రెండే ఉన్నాయి. రామకృష్ణ గారి ఇల్లు షాపు మీదే కదా, పిలిచాను. దిగొచ్చి చూసి ఒకటే మాటన్నాడు: "తాళం చెవి నీ జేబులో ఉంది. ఇంక దొంగ ఆకాశంలోంచి దిగాడా?"

ఇరవయ్యో తారీకులోపు జంతువులు తేవాలంట. లేకపోతే గుంటూరు, విజయవాడ షాపులన్నిటికీ ఫోను చేసి ఫలానా జహీర్ దొంగ అని చెప్తాడంట. ఆ మాట ఒక్కసారి అంటుకుంటే నాకు ఏ షాపులోనూ పని దొరకదు ఆపా. నాకు వచ్చింది ఈ పని ఒక్కటే.

నిన్న ఏసీ మెకానిక్ జకరయ్య షాపుకొచ్చి, మీ రేపల్లెలో వెంకటప్పయ్య గారింట్లో ఇలాంటివే రెండు చూశానన్నాడు. ఆయన మనవరాలి గదిలో, గాజు తొట్టిలో ఉన్నాయంట. నువ్వు బ్లౌజులు కుట్టేది వాళ్ళకే. వెళ్ళు. చూడు.

ఎలా గుర్తుపట్టాలో చెప్తాను. మనిషికి వేలిముద్ర ఎలాగో దీనికి పొట్ట మీది మచ్చలు అలాగ. ఒకదానికున్నట్టు ఇంకొకదానికి ఉండవు. చచ్చేదాకా మారవు. ఏది తిన్నదీ ఏది తినలేదూ తెలియాలని నాలుగింటి పొట్టలూ ట్రేసింగ్ కాగితం మీద పెన్సిలుతో గీసి పెట్టుకున్నాను. ఆ కాగితాలు మాత్రం నేను వదలను. వాటిని తెల్లకాగితం మీద బోర్లించి, వెనక చెంచాతో గట్టిగా రుద్ది, పోయిన రెండింటికీ నకళ్ళు దించాను. రెండో నంబరు, మూడో నంబరు. ఇందులో పెట్టాను. అవి గాజు ఎక్కి అతుక్కున్నప్పుడు పొట్ట కనపడుతుంది. అప్పుడు కాగితం పక్కన పెట్టి చూడు. చేత్తో ముట్టుకోకు, చర్మానికి విషం ఉంటుంది.

అమ్మీకి ఏమీ చెప్పకు.

జహీర్


రేపల్లె,
14 మార్చి 2004

తమ్ముడు జహీర్‌కు ఆపా దువా.

అమ్మీ బాగుంది. మోకాళ్ళే. నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెప్తున్నాను.

నీ ఉత్తరం అందిన రోజే వెళ్ళాను. వెంకటప్పయ్య గారి భార్య శేషారత్నమ్మ గారికి కంటి ఆపరేషనయింది, పచ్చ గుడ్డ కట్టుకుని కూర్చుని ఉన్నారు. మనవరాలు స్నేహకి చుడీదారు కొలతలు తీసుకుంటానని చెప్పి గదిలోకి వెళ్ళాను. ఆ పిల్ల రోజూ పాసింజరు బండిలో తెనాలి వచ్చి ఇంటరు చదువుతుంది, నీకు తెలియదు. గది చల్లగా ఉంది. తొట్టి కిటికీ దగ్గర ఉంది. నువ్వు చెప్పినట్టే నలుపూ ఎరుపూ. నాకు అసహ్యమేస్తుందనుకున్నాను, వెయ్యలేదు. చేతులు పసిపిల్లల చేతుల్లా ఉన్నాయి.

రెండూ గాజు ఎక్కాయి. నీ కాగితాలు కొలతల పుస్తకంలో పెట్టుకుని, టేపు సర్దుతున్నట్టు నటిస్తూ చూశాను. ఒకటికి మూడుసార్లు చూశాను జహీర్. అవి కావు. ఒకదానికి గొంతు కింద చింతగింజంత మచ్చ ఉంది, నీ మూడో నంబరుకీ ఉంది. కాని నీ కాగితంలో అది కుడివైపు ఉంది, దీనికి ఎడమవైపు. మిగతా మచ్చలూ అంతే, ఉండాల్సిన వైపు ఒక్కటీ లేదు. రెండోది కూడా కలవలేదు.

ఎక్కడివమ్మా ఇవి అని స్నేహని మామూలుగా అడిగాను. ఫ్రెండు ఇచ్చిందాంటీ అంది.

నీ మనసు ఎలా ఉంటుందో తెలుసు. రామకృష్ణ గారితో మర్యాదగా మాట్లాడు. నువ్వు నోరు జారితే చెయ్యని తప్పు కూడా చేసినట్టే కనపడుతుంది.

జరీనా


తెనాలి,
20 మార్చి 2004

ఆపాకు,

సలాం రాయడానికి చెయ్యి రావట్లేదు.

ఇవాళ నా పని పోయింది. రామకృష్ణ గారు గుంటూరుకీ విజయవాడకీ నా ఎదురుగానే ఫోన్లు చేశాడు. స్పీకర్ పెట్టి మరీ చేశాడు. అవతలవాడు "ఆ సాయిబుల కుర్రాడేనా, బాగానే ఉండేవాడే" అన్నాడు. ఉండేవాడంట. చచ్చినవాణ్ణి అన్నట్టు. ఓనరు కొడుకు సాయి కిరణ్ మెట్ల మీద నిలబడి విన్నాడు. నాలుగేళ్ళు వాడి స్కూటరు కూడా తుడిచాను నేను.

మిగిలిన రెండు న్యూట్లనీ రేకుల కిందికి మార్చాడు, ఐసు దండగ అని. మూడు రోజుల్లో రెండూ పోయాయి. ఎర్ర పొట్టలు పైకి తేలి, నీళ్ళలో.

ఇంక నీ సంగతి. ఎడమ, కుడి, చింతగింజ. ఈ కబుర్లు ఎవరికి చెప్తావు ఆపా? నేను చూడకుండా పెంచానా వాటిని? మన జిల్లాలో న్యూట్లు ఇంకెక్కడున్నాయి? తెనాలిలో రెండు మాయమయ్యాయి, నెల తిరక్కుండా రేపల్లెలో రెండు తేలాయి, అవి వేరేవంట. నీకు కళ్ళు లేవని నేననుకోను. నీకు భయం. వాళ్ళింటి బ్లౌజులు పోతాయని భయం. శేషారత్నమ్మ గారు ఇప్పించిన మిషను మీద కూర్చుని వాళ్ళ తప్పు ఎలా చెప్తావు? అబ్బా పోయినప్పటి నుంచీ నువ్వు ఆ ఇంటి గడప తొక్కి తొక్కి వాళ్ళ మనిషివైపోయావు. తమ్ముణ్ణి దొంగన్నా పర్లేదు, హుక్కులు కుట్టుకుంటూ కూర్చో.

అబద్ధం రాశావు. అది కూడా నీట్‌గా, అంచులు మడిచి కుట్టినట్టు రాశావు.

రేపు బాపట్ల వెళ్తున్నాను. సముద్రం వైపు రొయ్య పిల్లల హేచరీలో తొట్లు కడిగే పనుందంట. అడ్రసు వెనక రాశాను. రాయాలనిపిస్తే నిజం రాయి, లేకపోతే స్టాంపు దండగ చెయ్యకు.

జహీర్


రేపల్లె,
25 మార్చి 2004

జహీర్‌కు,

నీ ఉత్తరం అందింది. అమ్మీ చదివి వినిపించమంది. పైన సలాం కూడా లేదు కాబట్టి ఏం చదవాలో తెలియక, బాపట్లలో మంచి పని దొరికిందట అని మాత్రం చెప్పాను. సంతోషించింది.

నేను చూసింది రాశాను. చూడనిది రాయలేదు. ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

నువ్వు ఆ ఇంటికి ఏదైనా చేస్తావేమోనని నా భయం. బ్లౌజుల కోసం కాదు. రుజువు లేకుండా ఒకరింటి మీద పడితే ఏమవుతుందో నీకు ఈ నెలే తెలిసింది కదా.

జరీనా


బాపట్ల,
2 ఏప్రిల్ 2004

ఆపాకు,

పని బాగుంది అని అమ్మీకి చెప్పు. ఉప్పు నీళ్ళకి వేళ్ళ మధ్య చర్మం ఊడింది, అది చెప్పకు.

ఇక్కడ ఎవరికీ నేను తెలియదనుకున్నాను. మూడో రోజే మేనేజరు బ్రహ్మయ్య గారు పిలిచి, తెనాలిలో ఏదో జరిగిందంట కదా అన్నారు. చేపల మేత సప్లై చేసేవాడు చెప్పాడంట. "నాకు అనవసరం బాబూ, కాని స్టోరు రూము తాళం మాత్రం నీ చేతికి ఇవ్వను," అన్నారు. మంచాయన. నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు చూసి, తొట్టిలో తల పెట్టి ఊపిరాడనంతసేపు కడిగాను.

వెంకటప్పయ్య గారికి ఉత్తరం రాశాను. మీ ఇంట్లో దొంగసొత్తు ఉంది, ఎవరిచ్చారో మీ మనవరాల్ని నిలబెట్టి అడగండి, లేకపోతే పోలీసులు వచ్చి అడుగుతారు అని రాశాను. ఇంకా పోస్టు చెయ్యలేదు. జేబులో ఉంది. నీకు వారం టైమిస్తున్నాను. వాళ్ళింటికి మళ్ళీ వెళ్ళు. ఈసారి సరిగ్గా చూడు.

జహీర్


బాపట్ల,
8 ఏప్రిల్ 2004

ఆపాకు,

వారమైంది. నీ దగ్గర్నుంచి రాలేదు.

పొద్దున పోస్టు డబ్బాలో వేశాను.

జహీర్


రేపల్లె,
8 ఏప్రిల్ 2004

జహీర్‌కు,

అమ్మీకి జ్వరమొచ్చి నాలుగు రోజులు ఊపిరి సలపలేదు. ఇప్పుడు తగ్గింది. అందుకే ఆలస్యం. నువ్వు మాత్రం ఆ ఉత్తరం పోస్టు చెయ్యకు. చెయ్యవని నమ్ముతూ రాస్తున్నాను.

నిన్న మిషనుకి నూనె వేస్తుంటే సీసా ఒరిగి, పక్కనున్న నీ మూడో నంబరు కాగితం మీద పడింది. తుడుద్దామని ఎత్తాను. నూనె తాగి కాగితం అద్దంలా అయిపోయింది. వెనక నుంచి మచ్చలన్నీ కనపడుతున్నాయి. గొంతు కింద చింతగింజ మచ్చ ఎడమవైపు ఉంది.

తిప్పి చూశాను, మళ్ళీ తిప్పి చూశాను. బ్లౌజు ముందు ముక్కలు రెండూ ఒకలాంటివే, కాని ఒకదానికొకటి ఎదురు. గుడ్డ మీద పరిచే పాటరన్ కాగితం తిప్పకుండా రెండుసార్లు కత్తిరిస్తే రెండూ ఎడమవే వస్తాయి. పని నేర్చుకునేటప్పుడు అలా ఎన్ని గుడ్డలు పాడుచేశానో. నువ్వు ట్రేసింగ్ కాగితం బోర్లించి రుద్దావు జహీర్. బోర్లించి రుద్దితే ఎడమ కుడి అవుతుంది. నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను, నువ్వే రాశావు. నాకూ అప్పుడు తట్టలేదు.

రెండో కాగితానికి కూడా నూనె రాసి, తిప్పి పట్టుకుని వెళ్ళాను. కలిశాయి. రెండూ. ఒక్క చుక్క తేడా లేదు. అవి నీ న్యూట్లే.

స్నేహకి కాగితాలు చూపించి, నా తమ్ముడి పని పోయిందమ్మా అన్నాను. ఆ పిల్ల తలుపు దగ్గరికి వేసి అంతా చెప్పింది. ఇచ్చింది సాయి కిరణ్. రామకృష్ణ గారి కొడుకు. తెనాలిలో కాలేజీ దగ్గర పరిచయమై ఏడాదిగా మాట్లాడుకుంటున్నారు. పుట్టినరోజుకి ఇచ్చాడట. షాపు మాదే, తాళం చెవి ఇంకొకటి ఇంట్లో ఉంటుంది అన్నాడట. వాడి వల్ల ఒకడి పని పోయిందని ఈ పిల్లకి తెలియదు. "తాతయ్యకి తెలిస్తే చదువు మాన్పించేస్తారాంటీ, జూన్లోపే ఎవరికో ఇచ్చి పంపేస్తారు," అంది. వెంకటప్పయ్య గారు ఎలాంటివారో నాకు తెలుసు. నిజంగానే పంపేస్తారు. దానికి పదిహేడేళ్ళు.

నీ పేరు బాగుపడాలి. ఆ పిల్ల పేరు పోకుండా బాగుపడాలి. దారి ఒకటి ఆలోచించాను. సోమవారం ఆ రెండింటినీ తీసుకుని తెనాలి వెళ్ళి రామకృష్ణ గారితో నేనే మాట్లాడతాను. అప్పటిదాకా నోరు మూసుకుని, ఆ జేబులోది చించెయ్యి.

జరీనా


రేపల్లె,
13 ఏప్రిల్ 2004

జహీర్‌కు,

నీ ఉత్తరం వెంకటప్పయ్య గారింటికి శనివారం వచ్చింది.

నేను అక్కడే ఉన్నాను, శేషారత్నమ్మ గారికి జాకెట్టు వేసి చూస్తున్నాను. ఆయన పొలం పని మీద చేబ్రోలు వెళ్ళారు. పోస్టుమాను కవరు ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ కళ్ళ గుడ్డ ఇంకా తియ్యలేదు. "ఎవరో చూడవే జరీనా, అర్జెంటేమో, చదువు," అని నాకిచ్చారు. అప్పటికి నువ్వు పోస్టు చేశావని నాకు తెలియదు. కవరు మీద నీ అక్షరాలు చూసి తెలుసుకున్నాను.

విప్పాను. మొదటి వాక్యంలోనే దొంగసొత్తు అని ఉంది. రెండో వాక్యంలో స్నేహ పేరుంది. ఆవిడ నా వైపు మొహం పెట్టి ఎదురు చూస్తున్నారు. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో ఉత్తరాలన్నీ నేనే చదువుతున్నాను. ఒక్క అక్షరం మార్చలేదు. ఆస్తి తగాదా ఉత్తరాలు కూడా, తిట్లతో సహా, రాసినట్టే చదివాను. అందుకే నా చేతికిస్తారు.

ఆ రోజు నేను చదివింది నువ్వు రాసింది కాదు. బాపట్ల నుంచి బ్రహ్మయ్య అనే కుర్రాడు రాశాడన్నాను. నీ ఉత్తరంలో మీ మేనేజరు పేరే నోటికొచ్చింది. తుఫాను వచ్చిన ఏడాది వెంకటప్పయ్య గారు వాళ్ళ వాడకి బియ్యం పంపారనీ, అప్పుడు చిన్నపిల్లాణ్ణనీ, ఇప్పుడు ఉద్యోగం వచ్చింది కాబట్టి కృతజ్ఞత చెప్పుకుంటున్నాననీ చదివాను. ఎక్కడా తడబడలేదు. పేజీ కూడా తిప్పాను. ఆవిడ చెంగుతో చెంపలు తుడుచుకుని, ఎంత మర్యాదస్తుడే, ఇప్పుడే జవాబు రాయి, నేను చెప్తాను అన్నారు. రాశాను. ఇందులో పెట్టాను. రావలసింది నీకే కదా.

ఉత్తరం ఆయన వచ్చాక చూపించాలి, బీరువాలో పెట్టమన్నారు. కుట్టాల్సిన గుడ్డ మరిచిపోయానని ఇంటికొచ్చి, చేతిరాత మార్చి, నేను చదివినదంతా కాగితం మీద రాసి, మళ్ళీ వెళ్ళి బీరువాలో పెట్టాను. నీది పొయ్యిలో వేశాను. అబద్ధం ఒకటి ఆడితే దానికి అంచు కూడా కుట్టాలని ఆ రోజే తెలిసింది.

నిన్న తెనాలి వెళ్ళాను. ఎండకి బతకవు, షాపుకి ఇచ్చేస్తున్నానని స్నేహ ఇంట్లో చెప్పి, ఐస్‌క్రీం డబ్బాలో తడిగుడ్డ వేసి రెండింటినీ నాకిచ్చింది. రామకృష్ణ గారి బల్ల మీద డబ్బా పెట్టి, నూనె కాగితాలు తిప్పి పెట్టాను. ఆయన ఒక గాజు గిన్నెలో వేసి, పైకెత్తి కింద నుంచి చూశారు. రెండుసార్లు చూశారు.

"ఎక్కడివమ్మా ఇవి?"

"మీ షాపువేనండి. అంతవరకే చెప్పగలను. మీ ఇంట్లో తాళం చెవులు ఎన్నున్నాయో మీరే లెక్క చూసుకోండి."

అప్పుడే ఆ అబ్బాయి మెట్లు దిగుతూ డబ్బా చూశాడు. దిగిన మెట్లు మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయాడు. రామకృష్ణ గారు అది చూశారు. తర్వాత ఫోను దగ్గరికి లాక్కున్నారు. గుంటూరు, విజయవాడ, చివరికి నేను చెప్తే మీ హేచరీ. మా జహీర్ మీద అన్న మాట తప్పు, తప్పు నాది అని మూడుసార్లూ అదే మాట. నేను విన్నాను. పనిలోకి రమ్మన్నారు. క్షమించమని మాత్రం నాతో అనలేదు. నేనూ అడగలేదు.

నీ పేరు నీకొచ్చింది.

మార్చిలో నువ్వు నన్ను అబద్ధాలకోరు అన్నావు. అప్పటికి నేను కాదు. శనివారం అయ్యాను. ఇవాళ పొద్దున కొలతలకి వెళ్తే శేషారత్నమ్మ గారు ఇంకో ఉత్తరం చదవమని ఇచ్చారు. ఉన్నదే చదివాను. చదువుతున్నంతసేపూ నా గొంతు నాకే నమ్మబుద్ధి కాలేదు.

జరీనా

(లోపల మడిచిన కాగితం)

చిరంజీవి బ్రహ్మయ్యకు శేషారత్నం ఆశీస్సులు. నీ ఉత్తరం మా జరీనా చదివి వినిపించింది. చేసిన మేలు గుర్తుంచుకుని రాసేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారు నాయనా. మా వారు వచ్చాక చెప్తాను. ఇటువైపు వస్తే భోజనానికి రా. నీలాంటి బిడ్డని కన్న తల్లి అదృష్టవంతురాలు.


బాపట్ల,
17 ఏప్రిల్ 2004

ఆపాకు సలాం.

బ్రహ్మయ్య గారు పొద్దున పిలిచి స్టోరు తాళం చేతిలో పెట్టారు. తీసుకుని, ఒకసారి తీసి, వేసి, తిరిగిచ్చేశాను. రేపు తెనాలి వెళ్తున్నాను. రామకృష్ణ గారి మీద ప్రేమతో కాదు. ఏప్రిల్ ఎండ, ఆ రేకులు, ఆ రెండూ ఇంకా బతికి ఉన్నాయో లేదో. ఐసు ఖర్చు నాకిచ్చే జీతంలో పట్టుకోమని చెప్తాను. సాయి కిరణ్‌ని కొట్టను. కొట్టాలని ఉంది. కొడితే ఎందుకో నలుగురూ అడుగుతారు, ఆ అమ్మాయి పేరు బయటికొస్తుంది. అందుకని వాడి స్కూటరు మాత్రం ఇంక తుడవను.

ట్రేసింగ్ కాగితాన్ని కిటికీకి పెట్టి రెండు వైపులా చూశాను. నువ్వు మార్చి పద్నాలుగునే రాశావు, ఎడమ కుడి అని. ఒక్క నిమిషం ఆలోచిస్తే నాకే తట్టేది. నేను ఆలోచించలేదు. తిట్టాను. రామకృష్ణ గారికి నన్ను అడగాలనిపించలేదు, నాకు నిన్ను అడగాలనిపించలేదు. ఆయన మూడు ఫోన్లు చేస్తే నా మీద పడ్డ మాట పోయింది. నేను ఎవరికి ఫోను చెయ్యాలి? నేను నిన్నన్న మాట విన్నది నువ్వొక్కదానివే.

అందుకని ఇక్కడ్నుంచి అమ్మీకి చదువు. పక్కన కూర్చోబెట్టుకుని, గట్టిగా, ఒక్క మాట మార్చకుండా, వదలకుండా చదువు.

అమ్మీ, నేను జహీర్‌ని. తెనాలిలో నన్ను దొంగ అన్నారు, నీకు చెప్పలేదు. నేను దొంగను కాదు. అది ఆపా నిరూపించింది. దానికి ముందు నేను ఆపాకి ఒక ఉత్తరం రాశాను. తమ్ముణ్ణి అమ్ముకున్నావనీ, అబద్ధాలకోరువనీ రాశాను. ఆపా అబద్ధం రాయలేదు. తప్పు కాగితం పంపింది నేను. తర్వాత ఇంకో వెధవ పని చేశాను, దాన్ని కప్పడానికి ఆపా ఒక అబద్ధం ఆడాల్సి వచ్చింది. అది ఎవరితో, ఏమిటి అని అడగకు. అది నాది, ఆపా నోటితో బయటికొచ్చింది అంతే. నీకు ఉత్తరాలు చదివి పెట్టేటప్పుడు ఆపా గొంతు ఎప్పుడైనా తగ్గితే అది నా వల్ల.

ఆపా, ఇక్కడ ఆపకు. అమ్మీ ఏమందో అది కూడా రాయి. నన్ను తిడితే తిట్టినట్టే రాయి.

జహీర్